సేకరణ: వైకుంఠం

యాకుత్‌పురా రైలు గేటు పడితే తిట్టుకోని మనిషి ఆ చుట్టుపక్కల వైకుంఠం ఒక్కడే. గేటు పడితే బండ్లు ఆగుతాయి. ఆగిన జనానికి చూడటానికి ఇంకేమీ ఉండదు కాబట్టి పూలు చూస్తారు. గోడకు ఆనించిన చెక్కబల్ల, దాని మీద తడిగుడ్డ కప్పిన మల్లెలు, పక్కన గంపల్లో చామంతి, బంతి, వెనక పీట మీద అతను. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలు తెచ్చుకోవడం, పొద్దంతా కట్టడం, మూర లెక్కన అమ్మడం. పెళ్లికి ముందూ ఇదే పని. భార్య పోయి, కూతురు స్రవ్య డిగ్రీ చదువుకు వచ్చాక కూడా ఇదే పని.

చేతులు పూలు కడుతుంటే నోరు ఊరికే ఉండదు. ఇటు రెండు పూలు, అటు రెండు పూలు, మధ్యలో నార ముడి. ముడి బిగిసే చోట తాళం పడుతుంది. తాళం పడ్డాక మాటలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. 'రాయడం' అనే మాట వైకుంఠం ఎప్పుడూ వాడలేదు. పూలు కట్టిన, పాట కట్టిన, అంటాడు. తెలుగులో ఆ రెండింటికీ ఒకటే క్రియ ఉంది. అందులో గొప్ప కవిత్వం ఉందని మురిసిపోయేవాళ్లు మురిసిపోవచ్చు. వైకుంఠానికి దానివల్ల జరిగింది నష్టమే. కట్టిన పూలు సాయంత్రానికి ఎవరో పట్టుకుపోతారు, మర్నాడు మళ్లీ కట్టుకుంటాం. పాట కూడా అంతేననుకున్నాడు.

అతని పాటల్లో ఒకటి మాత్రం వాడిపోలేదు.

చాలా ఏళ్ల కింద, స్రవ్య ఇంకా పుట్టని రోజుల్లో, బోనాల మర్నాడు అమ్మవారి ఘటం ఊరేగింపు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడి, పైన ఎర్రబుగ్గ లైటు వెలిగింది. డప్పులు కొట్టేవాళ్లు కొడుతూనే ఉన్నారు, పోతరాజు కొరడా ఝళిపిస్తూనే ఉన్నాడు, కానీ అడుగు ముందుకు పడే దారి లేదు. గేట్‌మన్ ఇస్సాకు తన గుమ్టీ గదిలోంచి బయటికి వచ్చాడు. ఇస్సాకు ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి. అయినా టోపీ తీసి ఘటం ముందు నిలబడి, "అమ్మా, జర ఆగు తల్లీ, గూడ్సు బండి వస్తుంది, పోనియ్," అన్నాడు. జనం నవ్వారు. వైకుంఠం నవ్వలేదు. ఇంటికి పోయేదాకా ఆ 'జర ఆగు' అతని చెవిలోనే ఉండిపోయింది. మర్నాడు బంతిమాలలు కడుతుంటే పాట వచ్చింది.

గేటు పడ్డదమ్మా, జర ఆగు
గూడ్సుబండి పోనీ, జర ఆగు
ఇస్సాకు చేతుల పచ్చ జెండా
నీ చేతుల పచ్చని యాపమండ
ఊరు ఊరంత నీకు దారిస్తె
ఉక్కు పట్టాల కాడ ఆగితివా
ఎర్రబుగ్గ ఆరనీ, జర ఆగు

మరుసటి ఏడు ఆషాఢంలో మైసమ్మ గుడి దగ్గర పాడబోయాడు. గుడి కమిటీకి అప్పుడూ ఇప్పుడూ పెద్ద మల్లన్నే. పాట మొదలుపెట్టకముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవలిదయ్య ఈ పాట?"

"నేనే కట్టిననే."

"నువ్వు కట్టుడేంది? అమ్మ పాట ఎవడన్న కడ్తడా? అది రావాలె. పెద్దోళ్ల నోటెంబడి రావాలె. రేపు ఇంకోడొచ్చి అమ్మనే నేను కన్న అంటడు!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. మల్లన్న చెడ్డవాడు కాదు. ఆ గల్లీలో అందరి నమ్మకమూ అదే. అమ్మవారి పాటకు వయసే అర్హత. కొత్త పాట అంటే ముహూర్తం లేకుండా చేసిన పెళ్లిలాంటిది. వైకుంఠం అక్కడికక్కడే మాట మార్చాడు.

"ఊకె అన్ననే. మా అవ్వ పాట ఇది. ఆగమ్మ పాడేది."

"నిజంగ?"

"అమ్మ తోడు."

అంతే, మల్లన్న చెయ్యి పక్కకు తీశాడు. పాట గుడిలోకి పోయింది. నిజానికి ఆగమ్మ జన్మలో పాట పాడి ఎరగదు. ఆమెకు వచ్చిందల్లా ఇరుగుపొరుగును తిట్టడం. అది మాత్రం రాగం తప్పకుండా తిట్టేది. పోయిన మనిషి కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. ఆ ఏటి నుంచి గల్లీ ఆడవాళ్లందరికీ అది 'ఆగమ్మ పాట'. గేటు దగ్గర ఘటం ఆగినప్పుడల్లా అదే పాడేవాళ్లు. తన పాట ఊరంతా పాడుతోందని వైకుంఠానికి లోపల్లోపల పొంగు. ఆ పొంగు ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోకపోవడం వినయమని అతనే అనుకున్నాడు. మన దగ్గర చాలా వినయాలు ఇట్లాంటి భయాలే.

కొన్నేళ్ల కింద శ్రవణ్‌కుమార్ వచ్చాడు. ఒక చిన్న ఆడియో కంపెనీ మనిషి. పేరు ఘనాఘన ఆడియో. జానపదాలు రికార్డు చేసి, వాటికి డీజే దరువు జోడించి, నెట్‌లో పెట్టడం వాళ్ల వ్యాపారం. మైకు పట్టుకుని పూలబల్ల ముందే కూర్చున్నాడు.

"అన్నా, మంచిగ పాడినవ్. ఎవరి పాట ఇది?"

కెమెరా వెనక మల్లన్న నిలబడి ఉన్నాడు. ఇంకో నలుగురు గల్లీవాళ్లు ఉన్నారు. వైకుంఠం ఇంకేం చెబుతాడు?

"మా అవ్వ ఆగమ్మ పాడేదన్నా. మస్తు పాతది. నేను జమ చేసిన, గంతే."

రెండు నెలలకు పాట బయటికి వచ్చింది. కింద అక్షరాల్లో 'సేకరణ: వైకుంఠం' అని పడింది. దాని పైన 'రచన, సంగీతం: శ్రవణ్‌కుమార్' అని కూడా ఉంది, కానీ వైకుంఠం కన్ను దానిమీదికి పోలేదు. తన పేరు తెర మీద చూడటం అదే మొదటిసారి. గేటు పక్క హోటల్లో గల్లీ అంతటికీ చాయ్ తాగించాడు. ఫోన్ పట్టుకుని స్రవ్యకు చూపించాడు.

"చూడు బిడ్డా, నా పేరు!"

"నాయినా," అంది స్రవ్య. ఆమె ఫోన్‌లోకి రెండుసార్లు చూసి, తండ్రి ముఖంలోకి చూసింది. "సేకరణ అంటే ఏంది, ఎరికేనా?"

"పాట కట్టినోడు."

"కాదు. ఏరుకొచ్చినోడు."

వైకుంఠం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏదైతేంది తియ్, పేరైతె ఉంది గద," అన్నాడు.

పాట అంటుకుంది. పెళ్లిళ్లలో, బరాత్‌లలో, ఆటోల్లో, పత్తర్‌గట్టి గాజుల దుకాణాల ముందు, ఎక్కడ చూసినా అదే. అయితే రికార్డులో ఒక మాట మారింది. ఇస్సాకు అంటే ఎవరో శ్రవణ్‌కుమార్‌కు తెలియదు. అమ్మవారి పాటలో ఆ పేరు ఉంటే బాగుండదనిపించింది. 'ఈశ్వరుడి చేతుల పచ్చ జెండా' అని పాడించాడు. ఈ భూమ్మీద ఈశ్వరుడి చేతిలో త్రిశూలం చూసినవాళ్లున్నారు, డమరుకం చూసినవాళ్లున్నారు, రైల్వేవారి పచ్చ జెండా చూసినవాళ్లు లేరు. అయినా ఎవరూ అడగలేదు. గల్లీ ఆడవాళ్లు కూడా మెల్లగా ఈశ్వరుడికే అలవాటు పడ్డారు. పైగా ఒక తెలుగు లెక్చరర్ పాట కింద పెద్ద వ్యాఖ్య రాశాడు. సంసారమనే గేటు పడినప్పుడు పరమేశ్వరుడు చూపే పచ్చ జెండాయే మోక్షమట, మన పూర్వీకుల తత్వదృష్టి అంతటిదట. స్రవ్య అది తండ్రికి చదివి వినిపించింది.

"గదేంది? పచ్చ జెండా ఊపితే బండి పోతది, గంతే," అన్నాడు వైకుంఠం.

స్రవ్యకు తండ్రి గొంతు వచ్చింది, తల్లి మొండితనం వచ్చింది. తనకూ ఒక చానల్ ఉంది. అందులో బతుకమ్మ పాటలు పాడుతుంది. ఈ మధ్య సొంతంగా కట్టిన పాటలు కూడా పెడుతోంది. వాటి కింద ఖచ్చితంగా 'రచన, బాణీ: స్రవ్య' అని రాస్తుంది. తండ్రికి జరిగింది చూశాక నేర్చుకున్న జాగ్రత్త అది. ఒకరోజు గేటు దగ్గర తండ్రిని కూర్చోబెట్టి, పూలు కడుతుండగానే 'జర ఆగు' పాడించి, ఫోన్‌తో తీసి చానల్‌లో పెట్టింది. ఇస్సాకు పేరుతో సహా. దరువు లేదు, డీజే లేదు. నార ముడి చప్పుడు, మధ్యలో ఒక రైలు కూత.

వారం తిరగకముందే పాట మాయమైంది. ఘనాఘన ఆడియో వాళ్ల హక్కులకు భంగం కలిగిందని, చానల్‌కు ఒక హెచ్చరిక పడిందని నోటీసు వచ్చింది. పొరపాటు జరిగిందేమోనని స్రవ్య అందులోంచి చిన్న ముక్క మళ్లీ పెట్టింది. రెండో హెచ్చరిక పడింది. మూడోది పడితే చానలే ఉండదు.

వైకుంఠం శ్రవణ్‌కుమార్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, నమస్తే! ఎన్ని దినాలకు యాదికొచ్చిన!"

"నా పాట నా బిడ్డ పెట్టుకుంటే తీసేసిన్రంటనే."

"నీ పాట ఏందన్నా? జానపదమంటే ప్రజల సొత్తు. నీది నాది అనుకుంటే కళ ఎట్ల బతుకుతది?"

"ప్రజల సొత్తు అయితే మా స్రవ్య గూడ ప్రజలే గద. ఎందుకు తీసిన్రు?"

"నేను తీసుడేంది? అది సిస్టం. కంప్యూటర్ జేస్తది. నాకేం తెల్వదు."

"జర చెప్పు మరి కంప్యూటర్‌కి."

శ్రవణ్‌కుమార్ నవ్వాడు. "నీ పేరు ఏసిన గద అన్నా. సేకరణ అని. ఎవడేస్తడు గిట్ల, చెప్పు? ఫికర్ జెయ్యకు."

ప్రజల సొత్తు అన్న మాట ఎంత గట్టిగా వినబడితే, సొత్తు అంత త్వరగా ఎవరో ఒకరి ఇంట్లోకి చేరుతుంది. సభల్లో శాలువాలు కప్పి జానపదానికి దండం పెట్టే పెద్దమనుషులు చెప్పని సంగతి ఇది. ఆ శాలువాలతో పాటు వేసే దండలు కట్టే వైకుంఠానికి ఆ రోజు ఫోన్‌లో తెలిసింది.

అతనికి తెలిసిన వకీలు ఒక్కడే. పేరు ఉమాపతి. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. కోర్టు పురానీ హవేలీలో కాబట్టి పత్తర్‌గట్టి వెనక సందులో ఒక గది తీసుకున్నాడు. ఆ గదిలో దేవుడి పటానికి రోజూ మాల వైకుంఠం దగ్గరిదే. మాల ఇచ్చి వెనక్కి తిరిగే మనిషి ఆ రోజు కూతురితో సహా వచ్చి కుర్చీ అంచున కూర్చునేసరికి ఉమాపతి ఫైలు మూశాడు. కథంతా విన్నాడు.

"చట్టం మీ పక్షానే ఉందండీ," అన్నాడు.

వైకుంఠం కూతురి వైపు చూశాడు. చూసినవా, అన్నట్టు.

"పాట పుట్టగానే దానితో పాటే హక్కూ పుడుతుంది. రిజిస్టర్ చేయించకపోయినా ఆ హక్కు పోదు. మీరున్నన్నాళ్లూ మీది, మీ తర్వాత ఇంకో అరవై ఏళ్లు మీ అమ్మాయిది. మాటల మీద ఒక హక్కు, బాణీ మీద ఒక హక్కు, రికార్డు చేసినవాడికి ఆ రికార్డు మీద మాత్రమే ఒక హక్కు. మూడూ వేరు వేరు. వాళ్లకు ఏదైనా ఉంటే ఆ మూడోదే. మొదటి రెండూ మీవి."

"గంతేనా సారూ? అయితే అయిపాయె గద!"

"ఇంకొకటి కూడా ఉందండీ. పాటని ఎవరికైనా అమ్మేసుకున్నా సరే, కట్టింది నేనే అని చెప్పుకునే హక్కు మాత్రం మీ దగ్గరే ఉంటుంది. దాన్ని ఎవరూ కొనలేరు."

వైకుంఠం పూర్తిగా కుర్చీలోకి జరిగి కూర్చున్నాడు. చట్టం ఇంత మంచిదని అతనికి ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు.

"అయితే ఒక్క విషయం," అని ఉమాపతి తన ఫోన్ తీశాడు. ఘనాఘన వాళ్ల వీడియో పెట్టాడు. పాటకు ముందు వచ్చే మాటలు గదిలో వినిపించాయి. మా అవ్వ ఆగమ్మ పాడేదన్నా. మస్తు పాతది. నేను జమ చేసిన, గంతే.

"ఈ గొంతు మీదేనా?"

"నాదే."

"మీరు కట్టారనడానికి ఇంకేమైనా ఉందా? తేదీ ఉన్న రికార్డింగు, ఎవరికైనా పంపిన మెసేజ్, ఏదో ఒక కాగితం?"

"పాట నోట్లె ఉంటది సారూ, కాగితం మీద ఎందుకుంటది?"

ఉమాపతి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు చెప్పేది నేను నమ్ముతున్నానండీ. కానీ కోర్టులో నా నమ్మకం ఎవడిక్కావాలి? వాళ్లకి సాక్షి అవసరం లేదు. మీరే వాళ్ల సాక్షి."

"రైలు గేటు ఉంది గద సార్ పాటల," అంది స్రవ్య. "పాత పాటల రైలు గేటు ఎట్లుంటది?"

"రైలు నిజాం కాలం నుంచీ ఉందమ్మా. ఆగమ్మగారు చూసే ఉంటారు."

"మరి ఇస్సాకు?"

ఉమాపతి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఇస్సాకు ఎవరని అడిగాడు. చెప్పారు. అతని ముఖంలో మొదటిసారి వకీలు కళ కనబడింది.

"ఇది పట్టుకోవచ్చండీ! ఫలానా మనిషి పేరు పాటలో ఉంది. ఆ మనిషి ఆ గేటుకు డ్యూటీకి వచ్చాకే పాట పుట్టిందంటే, అప్పటికే పోయిన ఆగమ్మగారు పాడే ప్రశ్నే లేదు కదా. ఆయన బతికున్నాడా?"

"ఉన్నడు. రిటైరై మల్కాజ్‌గిరిల ఉంటుండు."

"ఆయన వచ్చి, ఇది నా మీద వైకుంఠం కట్టిన పాట అని ఒక్క మాట చెబితే చాలు. మనం గట్టిగా నిలబడతాం."

మర్నాడు పూలబల్ల స్రవ్యకు అప్పగించి, మంచి చామంతిదండ ఒకటి సంచిలో పెట్టుకుని, వైకుంఠం మల్కాజ్‌గిరి పోయాడు. ఇస్సాకు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ఇంటి వెనక నుంచి రైళ్లు పోతుంటాయి. రైలు చప్పుడు లేకుంటే నిద్ర పట్టదని అక్కడే ఇల్లు తీసుకున్నాడు.

"అరే వైకుంఠం భాయ్! దండ ఏంది, నేనింక పోలే గద!"

"నీ తల్లి, దండ తెస్తె గూడ లొల్లేనా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. చాయ్ వచ్చింది. వైకుంఠం జరిగింది చెప్పాడు. ఇస్సాకు పేరు తీసి ఈశ్వరుడిని పెట్టిన సంగతి విని ఇస్సాకు మోకాలు కొట్టుకుని నవ్వాడు. "రైల్వేల నాకు ప్రమోషన్ ఇయ్యలే. గీళ్లు ఇచ్చిన్రు చూడు!"

"నవ్వకు భాయ్. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలె. గా పాట నీ మీద నేను కట్టిన అని."

ఇస్సాకు నవ్వు ఆగింది. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నా మీద కట్టుడేంది? అది మీ అవ్వ పాట గద. దోస్తానా కోసం అండ్ల నా పేరు నువ్వు ఇరికిచ్చినవ్."

"కాదు. మొత్తం నేనే కట్టిన. మొదటి మాట సంది."

"అరే, ఛోడో యార్. గుడి కాడ మల్లన్న అడిగిన్నాడు నేను పక్కనే ఉన్న. అమ్మ తోడు, మా అవ్వ పాట అన్నవ్. ఈ చెవులతోని ఇన్న."

"గప్పుడు అబద్ధం ఆడిన."

"గప్పుడు ఆడినవా, గిప్పుడు ఆడుతున్నవా?"

ఇన్నేళ్లుగా తన దోస్తు ఆ పాటను ఎట్లా విన్నాడో వైకుంఠానికి ఇప్పుడు అర్థమైంది. ప్రపంచంలో ఎవరు నమ్మినా నమ్మకపోయినా, తన మీద పుట్టిన పాట అని ఇస్సాకుకు మాత్రం తెలిసే ఉంటుందనుకున్నాడు. ఇస్సాకేమో తనను ఎవరో ముసలమ్మ పాటలో మధ్యలో దూరిన చుట్టంలాగే అనుకున్నాడు.

"నువ్వు నా దోస్తువి. నీకోసం చెయ్యి కోసుకొమ్మంటే కోసుకుంట," అన్నాడు ఇస్సాకు మెల్లగా. "కానీ కోర్టుల దేవుని మీద ఒట్టేయిస్తరు. ఒట్టేసినంక నేను ఇన్నదే చెప్త. ఇన్నదేమో గది. నేనొస్తే నీకే నుక్సాన్ భాయ్."

చామంతిదండ బల్ల మీద పెట్టి వైకుంఠం లేచాడు. ఇంటి గేటు దాకా తోడు వచ్చిన ఇస్సాకు, "నిజంగ నా మీదనేనా?" అని ఇంకోసారి అడిగాడు. వైకుంఠం తల ఊపాడు. నమ్మాలని ఇస్సాకుకూ ఉంది. నమ్మడానికి ఏ ఆధారమూ దొరకలేదు.

ఉమాపతి ఆ మాట విని కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఇంకో దారి ఉందండీ. మీకు నచ్చదు. వాళ్లు ఇది శ్రవణ్‌కుమార్ సొంత రచన అని చెప్పుకుని మీ అమ్మాయి వీడియో తీయించారు. కానీ వాళ్ల వీడియోలోనే మీరు పాతపాట అన్నారు. పాతపాట అయితే అది ఎవరిదీ కాదు. ఎవరిదీ కాకపోతే వాళ్లదీ కాదు. వాళ్ల డీజే రికార్డు ముట్టుకోనంతవరకు ఎవరైనా పాడుకోవచ్చు. మీ అమ్మాయి ఆ వీడియోల సైటు వాళ్లకి అభ్యంతరం పెట్టాలి, దాని కింద మీ వాంగ్మూలం జతచేయాలి. దాన్ని కాదనడానికి వాళ్లు కోర్టుకు రాలేరు. హెచ్చరికలు రెండూ పోతాయి."

"వాంగ్మూలంల ఏం రాయాలె?"

"కొత్తగా ఏమీ లేదు. ఆ వీడియోలో అన్న మాటే."

"అంటే, నాది కాదని రాస్తే నా బిడ్డ పాడుకోవచ్చు."

"అవునండీ."

"నాదే అంటే?"

"కేసు. ఎన్నేళ్లో నేను చెప్పలేను. ఈలోపు మూడో హెచ్చరిక వేస్తారు. చానల్ ఉండదు."

"పోతే పోనీ!" అంది స్రవ్య. కుర్చీలోంచి లేచే నిలబడింది. "ఇంకో చానల్ పెట్టుకుంట. నాయినా, నువ్వు సంతకం పెట్టకు. పెడితే ఇంక జన్మల నీది అని అనరాదు."

వైకుంఠం వకీలునే అడిగాడు. "సారూ, బిడ్డ సొంతంగ కట్టిన పాటలు అండ్లనే ఉన్నయ్. ఎప్పుడు పాడిందో తారీఖులతోని. చానల్ పోతే గవి?"

"తేదీలూ పోతాయండీ. రేపు ఆమె పాటలు ఎవరైనా ఎత్తుకుపోతే చూపించడానికి అవే ఆధారం." తర్వాత స్రవ్య వైపు తిరిగి, చేయాల్సినవన్నీ గబగబా చెప్పాడు. కొత్త పాట ఎవరికీ వినిపించకముందే రికార్డు చేసుకో, తేదీ పడేట్టు నీకు నువ్వే మెయిల్ పెట్టుకో, మాటలు, బాణీ విడివిడిగా ఆన్‌లైన్‌లో కాపీరైట్ ఆఫీసులో నమోదు చేయించు, పాటల రచయితల సొసైటీలో చేరు, ఎవరు ఏ కాగితం ఇచ్చినా చదవకుండా సంతకం పెట్టకు.

"గిన్ని జేస్కుంట కూసుంటే పాట ఎప్పుడు కడ్తరు సారూ?" అన్నాడు వైకుంఠం. వెటకారమేమీ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

కాగితం టైపై వచ్చింది. ఉమాపతి చదివి వినిపించాడు. 'జర ఆగు' అనే ఈ గేయం యాకుత్‌పురా ప్రాంతంలో తరతరాలుగా పాడుతున్న సంప్రదాయ గేయం. రచయిత తెలియదు. నేను కేవలం సేకరించాను. కింద, వైకుంఠం.

"రచయిత తెల్వదా?" అన్నాడు.

"అట్లాగే రాయాలండీ."

స్రవ్య కిటికీ వైపు తిరిగింది. కింద సందులో అత్తరు దుకాణం వాడి రేడియోలోనో ఫోన్‌లోనో పాట వస్తోంది. ఆ పాట కాదు, ఇంకేదో. వైకుంఠం పెన్ను తీసుకుని తన పేరు నెమ్మదిగా, అక్షరం తర్వాత అక్షరం రాశాడు. అతని జీవితంలో ఆ పాట గురించి కాగితం మీద అతను రాసింది ఆ ఒక్క పేరే.

హెచ్చరికలు పోయాయి. వీడియో తిరిగి వచ్చింది. ఘనాఘన వాళ్లు మారు మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరమూ లేదు. ఆ వాంగ్మూలం వాళ్లకూ పనికొచ్చింది. ఆ పాటకు బతికున్న రచయిత ఎవరూ లేడని ఇప్పుడు రాతపూర్వకంగా ఉంది. నెల తిరిగేసరికి ఇంకో నాలుగు కంపెనీలు అదే పాటను నాలుగు రకాలుగా దించాయి. వాటిలో 'సేకరణ' అనే మాట కూడా లేదు.

ఆషాఢం వచ్చింది. బోనాల మర్నాడు ఘటం గేటు దగ్గరికి వచ్చేసరికి, ఎప్పటిలాగే, గేటు పడింది. డీజే బండి వెనకెక్కడో ఇరుక్కుపోయింది. మైకు స్రవ్య చేతికిచ్చారు. వైకుంఠం యాపమండలు పట్టుకుని గుమ్టీ పక్కన నిలబడ్డాడు. కూతురు పాట ఎత్తుకుంది. ఆడవాళ్లు గొంతు కలిపారు.

ఇస్సాకు చేతుల పచ్చ జెండా...

"ఏయ్ బిడ్డా, ఆగు ఆగు!" మల్లన్న కర్ర పైకెత్తాడు. "తప్పు పాడుతున్నవ్. ఈశ్వరుడి చేతుల అనాలె."

"మా నాయిన గిట్లనే నేర్పిండు పెదనాయినా."

"ఊరంత ఈశ్వరుడంటుంటే నువ్వొక్కదానివి ఇస్సాకంటవా? ఎవడు ఇస్సాకు? ఏమయ్యా వైకుంఠం, నువ్వే చెప్పు. మీ ఆగమ్మ ఏమని పాడేది?"

జనం అందరూ అతని వైపు తిరిగారు. స్రవ్య మైకు కిందికి దించి తండ్రినే చూస్తోంది. ఒక్క మాట చెప్పు నాయినా, అన్నట్టు చూస్తోంది. గుమ్టీలో ఇప్పుడున్న గేట్‌మన్ కుర్రవాడు, ఈ గొడవేమిటో తెలియక, ఫోన్‌తో అంతా వీడియో తీస్తున్నాడు. అది చూశాడు వైకుంఠం. మళ్లీ ఒక కెమెరా, మళ్లీ అదే ప్రశ్న. నేను కట్టినప్పుడు ఇస్సాకు అనే కట్టిన అని నోటి దాకా వచ్చింది. ఉమాపతి గదిలో పెట్టిన సంతకం దానికి అడ్డం పడింది. ఆ కాగితం మీదే బిడ్డ చానల్ నిలబడి ఉంది.

"యాదికి లేదన్నా," అన్నాడు. "అవ్వ పోయి మస్తు దినాలాయె. ఎట్ల పాడినా నడుస్తది. పాత పాట గద."

"గట్ల చెప్పు!" అన్నాడు మల్లన్న.

వెనక నుంచి ఎవరో ఆడమనిషి 'ఈశ్వరుడి చేతుల' అని అందుకుంది. అందరూ అందుకున్నారు. స్రవ్య మైకును పక్కనున్న పిల్లకు ఇచ్చేసింది. గూడ్సు బండి దడదడమంటూ పోయింది. ఎర్రబుగ్గ ఆరింది, గేటు లేచింది. ఊరేగింపు ఒక్కసారి ముందుకు కదిలింది. వైకుంఠం యాపమండలు గుండెకు దగ్గరగా పట్టుకుని, గోడ వైపు జరిగి, దారి ఇచ్చాడు.